సఫారీ కౌలు ఎవరికి ముడుతోంది?

ఆఫ్రికా సఫారీకి వెళ్లాలనుకునేవాళ్లు ముందుగా మూడు సంగతులు అడుగుతారు. ఏ నెలలో వెళ్లాలి, ఏ జంతువులు కనిపిస్తాయి, మనిషికి ఎంతవుతుంది? మూడూ అడగాల్సినవే, వాటికి జవాబులు ఈ వ్యాసంలోనూ ఉన్నాయి. అయితే సఫారీ మంచిచెడ్డల మీద తూర్పు, దక్షిణ ఆఫ్రికా దేశాల్లో నడిచిన చర్చ చదివేకొద్దీ నాకు నాలుగో ప్రశ్నే అసలుదనిపిస్తోంది. మనం జీపులో కూర్చుని సింహాన్ని చూసే ఆ నేల ఎవరిది? ఆ సింహం పక్కనే ఆవుల్ని కాసుకునేవాళ్లకు, దాన్ని బతకనిచ్చినందుకు ఏం ముడుతోంది? దీనికి దేశానికో జవాబుంది. ఒక్కోచోట రిజర్వు హద్దుకు ఇవతల ఒక జవాబు, అవతల ఇంకొకటి. మన సెలవు ఎలా గడుస్తుందో కూడా చాలావరకు దాన్నిబట్టే ఉంటుంది.

టీవీలో టాంజానియాలోని సెరెంగెటిని చూసినవాళ్లకు అది మనిషి అడుగుపడని ఆదిమ మైదానంలా కనిపిస్తుంది. నిజానికి ఆ గడ్డి వందల ఏళ్లుగా పశువుల కాపరుల కాళ్లకింద నలిగింది. 1880ల చివర్లో ఆఫ్రికా ఈశాన్య తీరంలో దిగిన ఇటలీ సైన్యం వెంట తెచ్చుకున్న పశువులతో ముసర వ్యాధి, అంటే రిండర్‌పెస్ట్, ఆ ఖండంలోకి ప్రవేశించింది. ఆ పశువులు ఇండియా నుంచి వెళ్లినవేనని చరిత్రకారులు చెబుతారు. పదేళ్లు తిరక్కుండానే అది దక్షిణ కొస దాకా పాకింది. ఆ నేలమీది పశువుల కాపరులైన మాసాయిల ఆవుల్లో నూటికి తొంభై దాకా పోయాయని అంచనా. పాలు లేవు, వెనకే కరువు, మశూచి. అడవి దున్నలు, వైల్డ్‌బీస్ట్‌లు కూడా గుట్టలుగా చచ్చాయి. ఆ తర్వాత వచ్చిన తెల్లదొరలకు కనిపించింది ఆ ఖాళీ అయిన నేలే. అది మొదటినుంచీ అంతేననుకున్నారు.

ఆ రోగం వెనక్కి తగ్గిన తీరు ఇంకా ఆలోచించాల్సింది. 1950ల్లో, 60ల మొదట్లో సెరెంగెటి చుట్టుపక్కల పశువులకు టీకాలు వేశారు. ఆవుల్లో రోగం పోయేసరికి వైల్డ్‌బీస్ట్ దూడలూ బతకడం మొదలైంది. 1960ల తొలినాళ్లలో రెండున్నర లక్షల దగ్గరున్న మంద 1970ల చివరికి 13 లక్షలు దాటింది. ఇవాళ ప్రపంచమంతా డబ్బు పెట్టి చూడ్డానికి వెళ్లే వైల్డ్‌బీస్ట్‌ల మహా వలస వెనక పల్లె పశువులకు వేసిన టీకా ఉంది. పశువు క్షేమాన్నీ మృగం క్షేమాన్నీ విడదీసి చూడలేమని చెప్పడానికి ఇంతకన్నా మంచి రుజువు నాకు తెలియదు. అయినా పార్కులు కట్టినవాళ్లు రెంటినీ విడదీయడంతోనే పని మొదలుపెట్టారు.

అంతకుముందు సఫారీ అంటే వేట. అమెరికా మాజీ అధ్యక్షుడు థియొడర్ రూజ్‌వెల్ట్ 1909లో మొంబాసాలో దిగి, కొడుకుతో కలిసి 512 జంతువుల్ని కాల్చాడు. ఈనాటికీ టూర్ బ్రోషర్లలో కనబడే ‘బిగ్ ఫైవ్’ జాబితా, అంటే సింహం, చిరుతపులి, ఏనుగు, ఖడ్గమృగం, అడవి దున్న, ఆ వేటగాళ్లదే. కాలినడకన వేటాడటానికి అత్యంత ప్రమాదకరమైనవని వాళ్లు వేసుకున్న లెక్క అది. దాన్నే ఇప్పుడు కెమెరాలు పట్టుకుని మనం పూర్తిచేస్తున్నాం. జిరాఫీ, అడవి కుక్క, చీతా, నీటిగుర్రం ఆ లెక్కలోకి రావు. ఐదూ చూసేశామా అని తొందరపడే ప్రయాణికుడి వల్ల డ్రైవరు మీద పడే ఒత్తిడి అంతా ఇంతా కాదు.

తుపాకి స్థానంలో పార్కు వచ్చింది. దక్షిణాఫ్రికాలో క్రూగర్ పార్కు 1926లో ఏర్పడింది. మరుసటి ఏడాది టూరిస్టులను రానిచ్చారు. దాని ఉత్తర కొసన ఉండే మకులేకే ప్రజల్ని 1969లో బలవంతంగా ఖాళీ చేయించారు. వర్ణవివక్ష ప్రభుత్వం పోయాక, 1998లో ఆ భూమి తిరిగి వాళ్ల పేరుమీదికి వచ్చింది. వాళ్లు అక్కడ మళ్లీ ఊరు కట్టలేదు. పార్కులో భాగంగానే ఉంచి లాడ్జీల ఆదాయం తీసుకుంటున్నారు. టాంజానియాలో 1951లో సెరెంగెటి జాతీయ పార్కు అయింది. 1959లో అక్కడి మాసాయిల్ని పక్కనున్న గొరోంగోరోకు పంపేశారు. ఇక్కడ మనుషులు, పశువులు, మృగాలు కలిసి ఉండొచ్చని అప్పుడు మాటిచ్చారు. ఆ మాట ఎన్నిసార్లు సడలిందో చెప్పాలంటే అదే ఒక పుస్తకమవుతుంది. నల్లమలలో చెంచుల గోడు విన్న తెలుగువాళ్లకు ఇది కొత్త కథ కాదు.

ఇక వలస సంగతి. వైల్డ్‌బీస్ట్‌లు, వాటితోపాటు దాదాపు రెండు లక్షల జీబ్రాలు, లక్షల్లో గాజెల్ జింకలు వానల వెంట ఏడాదంతా గుండ్రంగా తిరుగుతుంటాయి. జనవరి నుంచి మార్చి దాకా సెరెంగెటి దక్షిణాన ఎందూటూ చుట్టుపక్కల పొట్టి గడ్డి మైదానాల్లో ఉంటాయి. అగ్నిపర్వతాల బూడిద పడిన ఆ నేల గడ్డిలో ఖనిజాలు ఎక్కువ. పాలిచ్చే తల్లులకు కావాల్సింది అదే. ఫిబ్రవరిలో రెండు మూడు వారాల వ్యవధిలో లక్షల దూడలు పుడతాయి. అన్నీ ఒకేసారి పుడితే వేటాడే జంతువులు ఎన్నని తింటాయి? ఎండలు ముదిరితే పశ్చిమానికి, అక్కణ్నుంచి ఉత్తరానికి నడుస్తాయి. జూలై నుంచి అక్టోబరు దాకా కెన్యా సరిహద్దు దగ్గర మారా నది దాటుతాయి. మొసళ్ల మధ్య ఆ దాటడమే అందరికీ కావాలి. అందుకే ఆ నెలల్లో మారా ఒడ్డున పదుల కొద్దీ బళ్లు బారులు తీరతాయి. దిగాల్సిన చోట బళ్లు అడ్డం ఉండి మంద వెనక్కి తిరిగిపోవడమూ జరుగుతుంటుంది. నన్నడిగితే మొదటిసారి వెళ్లేవాళ్లు నది కోసం పాకులాడే బదులు ఫిబ్రవరిలో ఎందూటూకి వెళ్లాలి. అప్పుడే పుట్టిన దూడ నిమిషాల్లో లేచి తల్లి వెంట పరుగు తీయడాన్ని తీరిగ్గా చూడొచ్చు.

ఈ రద్దీ చూసేవాళ్లకే ఇబ్బంది అనుకుంటే పొరపాటు. కెన్యాలోని మాసాయి మారా రిజర్వు ప్రాంతంలో చీతాల మీద చేసిన పరిశోధన ఒకటి 2018లో వెలువడింది. టూరిస్టులు తక్కువగా వచ్చే చోట ఒక్కో ఈతకు సగటున రెండు పైచిలుకు పిల్లలు పెరిగి పెద్దవుతుంటే, బళ్లు ఎక్కువగా తిరిగే చోట ఆ సగటు 0.2 మాత్రమే. చీతా పగటిపూట వేటాడే జంతువు. దాని చుట్టూ బళ్లు మూగితే వేట తప్పుతుంది, పిల్లలకు తిండి తగ్గుతుంది, దుమ్ములగొండికో సింహానికో చోటు తెలిసిపోతుంది. చీతాను ప్రేమించి చూడ్డానికి వెళ్లినవాళ్లే దాని పిల్లలకు శత్రువులవుతున్నారు. ఒక జంతువు దగ్గర ఐదు బళ్లకు మించకూడదన్న నియమం మారాలో ఉంది. వైర్‌లెస్‌లో కబురు అందగానే ఆ నియమం గాలికి పోతుంది. దాన్ని నిలబెట్టే శక్తి చాలావరకు బండిలో కూర్చున్న మనదే. ‘దగ్గరికి పోనివ్వండి’ అని మనం అడక్కపోతే, టిప్పు మీద ఆధారపడ్డ ఆ గైడు దూరంగానే ఆపుతాడు.

నాలుగో ప్రశ్నకు మంచి జవాబు మారాలోనే ఉంది, అయితే రిజర్వులో కాదు, దాని హద్దు బయట. కెన్యా మృగాల్లో అరవై శాతానికి పైగా పార్కుల బయటే తిరుగుతాయి. మారా ఉత్తరాన మాసాయిల ఉమ్మడి భూముల్ని విడగొట్టి కుటుంబానికింత అని పట్టాలిచ్చాక, ఎవరి భాగానికి వాళ్లు తీగ కంచెలు కట్టుకునే పరిస్థితి వచ్చింది. కంచె కడితే మృగం తిరగలేదు, గోధుమ వేస్తే గడ్డి ఉండదు. 2000ల మధ్య నుంచి అక్కడ కొత్త ఏర్పాటు మొదలైంది. పట్టాదారులంతా కలిసి భూమిని ఒక్క చెక్కగా సఫారీ క్యాంపులకు కౌలుకిస్తారు. టూరిస్టులు వచ్చినా రాకున్నా ఎకరానికింత అని కౌలు నెలనెలా పట్టాదారు ఖాతాలో పడాలి. ఒలారే ఒరోక్ 2006లో, నాబోయిషో 2010లో ఇలా ఏర్పడ్డాయి. నాబోయిషోలో అయిదు వందల మందికి పైగా పట్టాదారులు, యాభై వేల ఎకరాలు. 350 ఎకరాలకు ఒక్క టెంటుకు మించకూడదన్నది అక్కడి కట్టుబాటు. ఇలాంటివన్నీ కలిపితే రిజర్వంత నేల ఉంటుంది.

కౌలు రైతు కష్టం తెలిసిన మనకు ఈ లెక్క తిరగేసి కనిపిస్తుంది. ఇక్కడ భూమి లేనివాడు కౌలు కట్టి చితికిపోతాడు. అక్కడ కౌలు పుచ్చుకునేవాడే పశుల కాపరి, కట్టేవాడు విదేశీ అతిథి. పైగా ఆవుల్ని పూర్తిగా తరిమెయ్యరు. ఏ వైపు ఎప్పుడు మేపాలో వంతులు వేసుకుంటారు. మేసిన చోట లేత గడ్డి మొలుస్తుంది, దానికోసం జింకలు వస్తాయి. గైడ్లలో, వంటవాళ్లలో, కాపలావాళ్లలో చాలామంది ఆ ఇళ్ల పిల్లలే. ప్రయాణికుడికీ లాభమే. రిజర్వులో చీకటి పడ్డాక తిరగనివ్వరు, నడవనివ్వరు. ఇక్కడ రెండూ కుదురుతాయి, జంతువు దగ్గర బళ్లు రెండో మూడో ఉంటాయి.

అలాగని ఇందులో అంతా సవ్యంగా ఉందని కాదు. పట్టాలు ఎక్కువగా మగవాళ్ల పేరనే ఉన్నాయి. కౌలు డబ్బు ఇంటి ఆడవాళ్ల చేతికి రావడం, రాకపోవడం ఆ మగవాళ్ల దయ. అసలు పట్టాయే దొరకని కుటుంబాలకు కౌలూ లేదు, మేపుకునే చోటూ తగ్గింది. 2020లో కొవిడ్ వచ్చి విమానాలు ఆగిపోయినప్పుడు చాలాచోట్ల కౌలుకు కోతలు పడ్డాయి. మృగాన్ని కాపాడే బాధ్యతంతా టూరిస్టు జేబు మీద వేస్తే ఏమవుతుందో ఆ ఏడాది చూపించింది. ఇన్ని లోపాలున్నా, ఇంతవరకు వచ్చిన ఏర్పాట్లలో దీనికే నా ఓటు. ఎందుకంటే ఇందులో భూమి ఆ మనుషుల పేరనే ఉంది. కాదనే హక్కు వాళ్లకుంది.

ఆ హక్కు లేని చోట ఏం జరుగుతుందో చూడాలంటే సరిహద్దు దాటితే చాలు. టాంజానియాలో లోలియోండో దగ్గర, ఏళ్లుగా ఒక విదేశీ కంపెనీకి వేట హక్కులున్న ప్రాంతంలో, 1,500 చదరపు కిలోమీటర్ల నేలను మాసాయి ఊళ్ల నుంచి వేరు చేసి 2022 జూన్‌లో ప్రభుత్వం హద్దురాళ్లు పాతింది. అడ్డుకున్నవాళ్ల మీద కాల్పులు జరిగాయి. ఒక పోలీసు చనిపోయాడు. గాయపడ్డవాళ్లు ఎందరో కెన్యా వైపు పారిపోయారు. సెరెంగెటి అందం అబద్ధం కాదు. ఆ అందం కోసం వెళ్లేవాళ్లు ఈ సంగతి తెలుసుకుని వెళ్లాలి.

నమీబియాది మరో దారి. 1996 చట్టంతో పల్లె సమాజాలకు తమ ఉమ్మడి నేలమీది మృగాలపై హక్కులిచ్చింది. అలా ఏర్పడే ఊరుమ్మడి రక్షిత ప్రాంతాలు, అంటే కన్జర్వెన్సీలు, 1998లో నాలుగుతో మొదలై ఇప్పుడు ఎనభై దాటాయి. దేశ విస్తీర్ణంలో దాదాపు అయిదో వంతు. కునేనే ఎడారిలో నల్ల ఖడ్గమృగాలు కంచె లేకుండా తిరుగుతున్నాయంటే ఆ పల్లెల కాపలాదారుల పుణ్యమే. ఇక్కడే చిక్కు ప్రశ్న ఎదురవుతుంది. ఆ పల్లెల ఆదాయంలో టూరిజంతోపాటు అనుమతి వేట డబ్బు కూడా ఉంది. వేట మాంసం ఊరికి పంచుతారు. కెన్యా 1977లోనే వేటను నిషేధించింది. అయినా 1977 నుంచి 2016 దాకా అక్కడ పెద్ద జంతువుల సంఖ్య సగటున 68 శాతం పడిపోయిందని లెక్క తేలింది. సరదాకి ఏనుగును కాల్చడాన్ని నేను సమర్థించలేను. కానీ తుపాకి మానితే చాలు మృగం బతుకుతుందనడం కూడా నిజం కాదు. మైదానం దున్నకానికి పోతే తుపాకి లేకుండానే మృగం పోతుంది. బోట్స్వానా 2014లో వేట ఆపి 2019లో మళ్లీ అనుమతించింది. ఆ దేశంలో లక్షా ముప్ఫై వేల దాకా ఏనుగులున్నాయి. ఏనుగుల వల్ల పంట పోయినవాడి ఓటు కూడా ఓటే.

బోట్స్వానా విధానం తక్కువమంది అతిథులు, ఎక్కువ ధర. అంగోలా కొండల్లో కురిసిన వాన నెలల తరబడి ప్రవహించి, ఒకవాంగో డెల్టాలోకి సరిగ్గా అక్కడ వానల్లేని కాలంలో, జూన్ నుంచి ఆగస్టు మధ్య నిండుగా చేరుతుంది. సముద్రం మొహం చూడకుండా ఎడారి ఇసుకలోనే ఇంకిపోయే ఆ నీటి మీద దోనెలో పోవడం సఫారీలన్నిటిలో నిశ్శబ్దమైనది. ధర మాత్రం మధ్యతరగతికి అందదు. ఈ దేశాన్ని పొగిడేవాళ్లు నడి కలహారీ నుంచి అక్కడి ఆదివాసులైన సాన్ ప్రజల్ని 1997లో, 2002లో తరలించిన సంగతి దాటేస్తారు. 2006లో ఆ దేశపు హైకోర్టే తరలింపు చెల్లదంది.

నడక సఫారీకి పుట్టిల్లు జాంబియాలోని లువాంగ్వా లోయ. నార్మన్ కార్ అనే అధికారి 1950లో అక్కడి ఎన్సేఫు రాజును ఒప్పించి, వేట కోసం కాక చూడ్డానికి వచ్చేవాళ్లకు క్యాంపు పెట్టాడు. డబ్బు ఆ ప్రజలకే చేరేలా చూశాడు. నాలుగో ప్రశ్న అంత పాతది. ముందు తుపాకి పట్టిన స్కౌటు, వెనక ఒకరి వెంట ఒకరు, మాట్లాడకుండా నడక. పేడ, అడుగుజాడ, చీమల పుట్ట అప్పుడే కళ్లబడతాయి. ఇక రువాండాలో కొండ గొరిల్లాల దగ్గర గంటసేపు గడపడానికి 2017 నుంచి 1,500 డాలర్లు. ఒక గుంపు దగ్గరికి రోజుకు ఎనిమిది మందినే పంపుతారు. పార్కు ఆదాయంలో పది శాతం చుట్టుపక్కల ఊళ్లకు. 2018 లెక్కకు కొండ గొరిల్లాలు వెయ్యి దాటాయి. ధర చూసి గుండె గుభేల్‌మన్నా, పెట్టిన డబ్బు పనిచేసిందనడానికి ఇదొక రుజువు.

మనవాళ్లకు పనికొచ్చే సంగతులు కొన్ని. రాజమౌళి, మహేశ్‌బాబు సినిమా చిత్రీకరణ 2025లో కెన్యాలో జరిగాక ఆ దేశం పేరు తెలుగిళ్లలో ఇంకా ఎక్కువగా వినబడుతోంది. బడి పిల్లలున్నవాళ్లు ఎండాకాలం సెలవుల్లోనే వెళ్లగలరు. ఏప్రిల్, మే నెలలు తూర్పు ఆఫ్రికాలో పెద్ద వానల కాలం. దారులు బురద, ధరలు చవక. అదే మే, జూన్‌లలో దక్షిణాఫ్రికా, నమీబియాల్లో ఆకాశం తేటపడుతుంది, గడ్డి ఎండుతుంది, జంతువులు నీటి మడుగుల దగ్గరికి చేరతాయి. పొద్దున చలి గట్టిగా ఉంటుంది, స్వెట్టర్లు పెట్టుకోవాలి. క్రూగర్‌లో, నమీబియాలోని ఎతోషాలో కారు అద్దెకు తీసుకుని సొంతంగా తిరగొచ్చు. బళ్లు మనలాగే ఎడమవైపునే నడుస్తాయి. క్రూగర్ తారు రోడ్ల మీద గంటకు 50 కిలోమీటర్లు దాటకూడదు. తక్కువ ఖర్చు సఫారీ అంటే ఇదే. దీంతో పోలిస్తే, మారా రిజర్వులో 2024 నుంచి జూలై–డిసెంబరు మధ్య విదేశీయులకు రోజుకు 200 డాలర్లు ప్రవేశ రుసుమే.

కెన్యా, ఉగాండా లాంటి దేశాల నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ లేకపోతే మన విమానాశ్రయంలోనే ఆపి ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెడతారు. టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు పడాలి. హైదరాబాదులో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. మలేరియా మాత్రల సంగతి డాక్టరును అడగాలి. భోజనానికి బెంగ అక్కర్లేదు. తరతరాలుగా గుజరాతీలు స్థిరపడ్డ తూర్పు ఆఫ్రికాలో శాకాహారం అంటే ఏమిటో వంటవాళ్లకు చెప్పనక్కర్లేదు.

క్యాంపు బుక్ చేసేముందు ఏజెంటును సూటిగా అడగండి. భూమి ఎవరిది? ఎకరానికి ఎంత ఇస్తున్నారు, అతిథులు లేని నెలలోనూ ఇస్తారా? గైడు ఆ ఊరివాడేనా? సింహం ఆవును చంపితే పరిహారం ఎవరిస్తారు? ఇస్తున్నవాళ్లు గర్వంగా చెబుతారు. ‘స్థానికులకు ఎంతో సాయం చేస్తున్నాం’ అని అంకె లేకుండా దాటేస్తే ఇంకో క్యాంపు చూసుకోవచ్చు. ఒక రాత్రి తగ్గించుకుని అయినా కౌలు కట్టే చోటే ఉండటం మంచిది. అంతకన్నా మనం చేయగలిగే సాయం లేదు.

మారా చుట్టూ తొలినాళ్లలో రాసుకున్న కౌలు పత్రాల్లో చాలావాటి గడువు పదిహేను, పాతిక సంవత్సరాలు. అవి మళ్లీ రాసుకునే కాలం ఒక్కోచోట వచ్చింది, ఒక్కోచోట రాబోతోంది. అప్పుడు సంతకం పెట్టిన తండ్రి భూమి ఇప్పుడు నలుగురైదుగురు కొడుకుల మధ్య పంచాలి. ఒక్కొక్కరి వాటాకు వచ్చే కౌలు ఆ మేరకు చిన్నదవుతుంది. పక్కనే భూమి ధర పెరుగుతోంది, గోధుమ కొనేవాళ్లున్నారు, కంచె తీగ సంతలో దొరుకుతోంది. ఆ కొడుకులు కౌలు పత్రం మీద సంతకం పెడతారా, తీగ కొంటారా అన్నది వాళ్లు వేసుకునే లెక్క మీద ఉంది.